డీకన్ గారి అక్క

కుర్లా, ముంబై
జూన్ 9

అక్కా,

ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. ఎత్తినా "పొయ్యి మీద పాలున్నాయి, మళ్ళీ చేస్తాను" అని పెట్టేస్తున్నావు. అందుకని ఉత్తరం రాస్తున్నాను. దీన్నయితే మధ్యలో పెట్టెయ్యలేవు.

నేనూ మెర్సీ మన వైపు వచ్చేద్దామనుకుంటున్నాం. సెలవు మీద కాదు, ఉండిపోవడానికి.

రైల్వే ఉద్యోగానికి ముందే రాజీనామా పెట్టేశాను. ఇక మిగిలింది చర్చి పని. నేను డీకన్నయ్యి ఇన్నేళ్ళయినా అదేమిటో నీకు ఎప్పుడూ కూర్చోబెట్టి చెప్పలేదు. ఫాదర్‌గారిలా నేను పూజ చెయ్యను, జనం తమ పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం వినను. జ్ఞానస్నానాలిస్తాను, పెళ్ళిళ్ళు జరిపిస్తాను, పోయినవాళ్ళని సమాధి చేస్తాను, మంచాన పడ్డవాళ్ళకి పూజలో ఇచ్చే సత్ప్రసాదం పట్టుకెళ్తాను. పెళ్ళయినవాణ్ణి కాబట్టి మెర్సీ ఒప్పుకుని సంతకం పెడితేనే బిషప్‌గారు నా తల మీద చెయ్యి పెట్టారు.

అయితే డీకన్ తన ఇష్టం వచ్చిన ఊరికి పోవడానికి లేదు. ఏ బిషప్‌గారి ఏలుబడిలో, అంటే ఏ మేత్రాసనంలో అభిషేకమైతే అక్కడి మనిషి. మారాలంటే ఇక్కడి బిషప్‌గారు వదులుతున్నానని రాయాలి, అక్కడి బిషప్‌గారు తీసుకుంటున్నానని రాయాలి. ఆ రెండూ కలిసేదాకా నేను పాత ఇంటివాణ్ణే. మన ఆడపిల్లల అప్పగింతలాంటిదే అనుకో.

ఎందుకిప్పుడు అంటావేమో. పోయిన ఏడాది వరదల్లో అమ్మ మంచం మీంచి సత్ప్రసాదం అడిగిందనీ, ఫాదర్‌గారు లంకల్లో చిక్కుకుపోయి రాలేకపోయారనీ నువ్వే చెప్పావు. అడుగుతూ అడుగుతూనే వెళ్ళిపోయింది. నేను వచ్చి సమాధి దగ్గర ప్రార్థన చదివాను, నిజమే. కానీ అంతకుముందు వారం నాలాంటివాడు ఒకడు ఆ చుట్టుపక్కల ఉండి ఉంటే ఆవిడ కోరిక తీరేది. అప్పటినుంచీ అదే నన్ను తొలుస్తోంది.

నువ్వు ఊఁ అంటే చాలు. సౌజన్యకి ఈ మావయ్య దీవెనలు. కొత్త ఉద్యోగం ఎలా ఉందో రాయమను.

నీ తమ్ముడు
విజయకుమార్


తాటిపాక
జూలై 2

తమ్ముడు విజయకుమార్‌ని దీవించి అక్క కృష్ణవేణి రాస్తున్నది.

ఉత్తరం అందింది. మేం బాగానే ఉన్నాం. మీ బావగారికి మోకాళ్ళ నొప్పులు తగ్గలేదు. అయినా కొబ్బరి ఒలుపుకి వెళ్ళడం మానడం లేదు. సౌజన్యకి బడిలో పిల్లలు అలవాటయ్యారు. సాయంత్రం వచ్చి వాళ్ళ మాటలే చెబుతుంది.

వస్తానని రాశావు. ఇక్కడేముంది తమ్ముడూ? బోరు వేస్తే ఉప్పునీళ్ళు. మెర్సీ అక్కడే పుట్టి పెరిగింది, ఈ దోమలకీ ఈ చెమ్మకీ ఆగలేదు. అక్కడ మీకు పెద్ద ఆసుపత్రులున్నాయి, తెలిసిన మనుషులున్నారు. అదీగాక ఇక్కడివాళ్ళు డీకన్ అనేవాణ్ణి ఎన్నడూ చూడలేదు. పెళ్ళాం ఉన్న స్వామంటే నవ్వుతారు. నిన్ను చూసి నవ్వితే నేను భరించలేను.

ఒక ఏడాది ఆగు. తొందరేముంది?

ఇంకో మాట. కవరు వెనక నీ పేరు ముందు డీకన్ అని ముద్ర వేశావు. ఈసారి వెయ్యకు. మెర్సీ పేరు రాస్తే ఇంకా మంచిది. పూజ ఫోటోలు వాట్సాప్‌లో పంపించకు. సౌజన్య ఫోను నిండిపోతోందట. ఊరికే అంటున్నాను, మనసులో పెట్టుకోకు.

మెర్సీని అడిగానని చెప్పు.

మీ అక్క


కుర్లా, ముంబై
ఆగస్టు 4

అక్కా,

ముద్ర వెయ్యలేదు. మెర్సీ పేరే రాశాను. ఆవిడ నవ్వి, "మీ అక్కగారు నాకు రాస్తున్నారన్నమాట, మంచిదే" అంది.

ఉప్పునీళ్ళకి భయపడి ఆగిపోయేదాన్ని కాదని కూడా రాయమంది. ఇక్కడ మురికికాలవ పక్కన కాపరం చేసినది.

శుభవార్త చెబుతాను. ఇక్కడి బిషప్‌గారు నన్ను వదలడానికి ఒప్పుకున్నారు. అక్కడి బిషప్‌గారు ఇంకా తీసుకోలేదు గానీ, ముందు వచ్చి కొంతకాలం పని చెయ్యి, చూసి రాస్తాను అన్నారు. తన మేత్రాసనంలో పెళ్ళయిన డీకన్ ఎవరూ లేరట. జనం ఎలా తీసుకుంటారో చూడాలన్నారు. ఎక్కడ ఉంటావని అడిగితే, మా అక్క ఉన్న రాజోలు వైపు అని రాశాను.

ఇల్లు ఖాళీ చేస్తామని యజమానికి చెప్పేశాం. మెర్సీ సామాన్లు కడుతోంది.

నువ్వు సంతోషిస్తావనుకున్నాను. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. దోమలూ చెమ్మా తప్ప అందులో నువ్వు లేవు. నా మీద కోపమా అక్కా? నేను వస్తానంటే రోడ్డు మీదికొచ్చి నిలబడేదానివి. ఏమైంది?

విజయ్


తాటిపాక
ఆగస్టు 13

తమ్ముడూ,

ఇది చదివి చింపెయ్యి.

సౌజన్యకి టీచరు పోస్టు ఎస్సీ కోటాలో వచ్చింది. క్రైస్తవంలో కలిసినవాళ్ళకి ఆ కోటా ఉండదు. ఇవి నీకు తెలిసినవే. మీ బావగారి వాళ్ళు హిందువులు. పిల్ల ఆ ఇంట్లో, ఆ పూజల్లోనే పెరిగింది. కానీ అమ్మ చర్చి మనిషి. నువ్వు చర్చి మనిషివి. నేను పెళ్ళయ్యాక బొట్టు పెట్టుకున్నాను గానీ నా జపమాల బియ్యం డబ్బాలో ఉంది. ఆదివారం అమ్మని చర్చికి దింపే వంకతో నేనూ వెనక బెంచీలో కూర్చునేదాన్ని.

మే నెలలో కలెక్టరాఫీసులో అర్జీ పడింది. సౌజన్యవాళ్ళు క్రైస్తవులు, సర్టిఫికెట్టు చెల్లదు అని. పెట్టినవాడు సాయిదుర్గాప్రసాద్ అనే కుర్రాడు. లిస్టులో మన పిల్ల తర్వాత పేరు అతనిదే. మనవాడే, అవతలి పేట. అతన్ని తిట్టుకుందామంటే నోరు రావడం లేదు. వాళ్ళమ్మ కూడా నాలాగే కూలిచేసి చదివించింది.

అర్జీకి ఒక ఫోటో జత చేశాడట. అమ్మ సమాధి దగ్గర ఎవరో ఫోన్లో తీసింది. నువ్వు తెల్ల అంగీలో, భుజం మీంచి అడ్డంగా పట్టీ వేసుకుని ప్రార్థన చదువుతున్నావు. నేను నీ చెయ్యి పట్టుకుని ఏడుస్తున్నాను. వెనక సౌజన్య గొడుగు పట్టుకుంది.

అప్పటినుంచీ ఇంటి ముందు బండి ఆగితే కిటికీ సందులోంచి చూస్తున్నాను. పక్కింటి కనకమ్మగారు మామూలుగానే "మీ తమ్ముడుగారు ఎప్పుడొస్తారండీ?" అని అడిగింది. ఆవిడ ఎందుకు అడిగిందా అని రోజంతా ఆలోచించాను. ఫోన్లో మాట్లాడదామంటే ఎవరైనా రికార్డు చేస్తారేమోనని భయం. పిల్ల అన్నం సరిగ్గా తినడం లేదు. మీ బావగారు పైకి ఏమీ అనరు, దేవుడి గూట్లో దీపం మాత్రం వీధిలోకి కనబడేలా జరిపారు.

మన పేట మారలేదు తమ్ముడూ. చర్చికెళ్ళినా గుడికెళ్ళినా మనల్ని చూసే చూపు మారలేదు. దేవుడి పేరు మారితే మాత్రం మనం వేరే మనుషులమైపోతామట.

ఇప్పుడు నువ్వు వచ్చి ఇక్కడి చర్చిలో నిలబడితే ఆ ఫోటోకి ప్రాణం వచ్చినట్టే. రావద్దు. నీ కాళ్ళు పట్టుకుంటాను, రావద్దు. నీకన్నా పెద్దదాన్ని, ఈ మాట రాయించుకోకు.

కృష్ణవేణి


కొత్తపేట
అక్టోబరు 6

అక్కా,

నీ ఉత్తరం వచ్చేసరికి సామాను లారీ ఎక్కేసింది. అక్కడి ఇంటికి వేరేవాళ్ళు వచ్చేశారు. వెనక్కి తిరగడానికి చోటు లేక ముందుకే వచ్చాం. క్షమించు.

బిషప్‌గారి దగ్గరికి వెళ్ళి, రాజోలు వైపు వద్దండి, ఇంకెక్కడైనా వెయ్యండి అని అడిగాను. కారణం చెప్పలేదు. ఆయన ఒక నిమిషం నా మొహంలోకి చూసి, కొత్తపేట వెళ్ళమన్నారు. చర్చి వెనక రెండు గదుల ఇల్లు. మనిద్దరి మధ్యా వైనతేయ పాయ ఒక్కటే ఉంది. నేను అది దాటను. నువ్వు రమ్మనేదాకా దాటను. ఎవరికీ నీ పేరు చెప్పను.

ఇక్కడివాళ్ళు మంచివాళ్ళు. మొదటి ఆదివారం ఒక పెద్దావిడ మెర్సీ దగ్గరికొచ్చి, "తమరు ఈ కొత్త ఫాదర్‌గారికి ఏమవుతారండీ, చెల్లెలుగారాండీ?" అంది. "భార్యనండీ," అంది మెర్సీ. ఆవిడ ఇంకేమీ అడగకుండా చరచరా అసలు ఫాదర్‌గారి దగ్గరికి వెళ్ళిపోయింది. ఆయన మైకులో మళ్ళీ మొదటినుంచీ డీకన్ అంటే ఏమిటో చెప్పుకోవలసి వచ్చింది. ఇప్పుడు అందరూ ఆవిణ్ణి డీకనమ్మగారు అంటున్నారు.

నవ్వించాలని రాశాను. నిజం రాయాలంటే ఇంకోటుంది. పోయిన వారం ఒక చంటిబిడ్డకి జ్ఞానస్నానం ఇస్తున్నాను. వాళ్ళ చుట్టమొకాయన ఫోను పైకెత్తాడు. నేను గబుక్కున తల పక్కకి తిప్పేసుకున్నాను. నీళ్ళు బిడ్డ చెవిలో పడ్డాయి. ఆ తెల్ల అంగీ వేసుకుని మొహం దాచుకోవడం నాకు అదే మొదలు. నీ భయం నాకూ పట్టుకుంది.

సౌజన్య ఎలా ఉంది? విచారణకి ఎవరైనా వచ్చారా? దాచకుండా రాయి. మెర్సీ పేరుకే రాయి.

విజయ్


తాటిపాక
నవంబరు 14

తమ్ముడూ,

నిన్న వచ్చారు.

మధ్యాహ్నం నేను చాట పట్టుకుని అరుగు మీద కూర్చున్నాను. రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగారు, పేరు సత్యనారాయణమూర్తి. పెద్దమనిషి, నెమ్మదైన మనిషి. అరిచేవాడైతే నేనూ గట్టిగా ఉండేదాన్నేమో. కుర్చీ వేశాను. మంచినీళ్ళిచ్చాను. ఇల్లంతా చూశారు. దేవుడి గూడు చూశారు. బియ్యం డబ్బా పక్కనే నిలబడి మీ బావగారిని ఏవో అడిగారు. నేను ఆ డబ్బా మూతనే చూస్తూ నిలబడ్డాను.

తర్వాత ఫోను తీసి ఆ ఫోటో చూపించారు.

"ఈయన ఎవరండీ?" అన్నారు.

"ఎవరో చర్చి వారండీ. మా అమ్మ చర్చికి వెళ్ళేవారు కదండీ, ఆవిడ పోతే వాళ్ళే పంపేరు," అన్నాను.

"మీ తమ్ముడని రాసేరండీ అర్జీలో."

"కాదండీ."

"మీకు అన్నదమ్ములు ఎవరైనా ఉన్నారాండీ?"

"లేరండీ."

ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట. ఆయన రాసుకున్నారు. ఇంకో గ్లాసు మంచినీళ్ళు అడిగితే ఇచ్చాను. ఆయన వెళ్ళాక మీ బావగారు నా వంక చూడకుండా చొక్కా వేసుకుని బయటికి పోయారు. సౌజన్య గదిలోంచి అంతా విన్నది. బయటికొచ్చి, "అమ్మా, మావయ్య నీ చేతుల్లో పెరిగేడని చెప్పేదానివి," అంది. అంతే. రాత్రి నా పక్కన అన్నానికి కూర్చోలేదు.

అమ్మ పొలానికెళ్తే నిన్ను చంకనేసుకుని తిరిగింది నేను. నాకు తమ్ముడు లేడని నేనే చెప్పాను. నీకు తెలియకుండా ఉంచుదామనుకున్నాను, కానీ ఇంకొకరి నోటివెంట నువ్వు వినకూడదు.

నన్ను తిట్టు. ఏదైనా రాయి.

కృష్ణవేణి


కొత్తపేట
నవంబరు 25

అక్కా,

నీ ఉత్తరం చదివి మెర్సీ ఏడ్చింది. నేను ఏడవలేదు. నాకు నీ మీద కోపం రాలేదు, అది మాత్రం నమ్ము. కానీ జవాబు రాయడానికి కూర్చుంటే కలం సాగలేదు. రోజులు గడిచిపోయాయి. ఇవాళ రాయక తప్పడం లేదు.

నిన్న ఆ ఇన్‌స్పెక్టరు చర్చిల్లో ఆరా తీసుకుంటూ ఇక్కడికి కూడా వచ్చాడు.

పూజ అవగానే చర్చి వరండాలో పిల్లలకి జ్ఞానోపదేశం చెబుతున్నాను. బండి దూరంగా ఆపి, చెప్పులు విడిచి, పాఠం అయ్యేదాకా మెట్ల దగ్గర నిలబడ్డాడు. పిల్లల్ని పంపించేశాను.

"తమరు విజయకుమార్‌గారాండీ?"

"ఆయ్, నేనేనండీ."

"తాటిపాకలో కృష్ణవేణిగారని, కుమారస్వామిగారి భార్య. తమరికి అక్కగారవుతారాండీ?"

నీ ఉత్తరం చదివి ఉండకపోతే ఏమనేవాణ్ణో. చదివాను కాబట్టి నువ్వేం చెప్పావో తెలుసు. నేను అవునంటే నీ మాట అబద్ధమవుతుంది, పిల్ల ఉద్యోగం పోతుంది. కాదంటే నేను అబద్ధమవుతాను. ఆయన కలం పట్టుకుని ఎదురు చూస్తున్నాడు. నా భుజం మీద ఇంకా ఆ పట్టీ ఉంది.

"నాకు అక్క లేదండీ," అన్నాను.

"ఆ ఫోటోలో తమరి చెయ్యి పట్టుకున్నావిడ?"

"సమాధుల దగ్గర అందరూ ఏడుస్తారండీ. ఎవరో పట్టుకున్నారు."

ఆయన తల ఊపి వెళ్ళిపోయాడు. నేను లోపలికి వెళ్ళి పట్టీ తీసి మడతపెట్టాను. మళ్ళీ వేసుకోవడానికి చేతులు రావడం లేదు. ఈ ఆదివారం సువార్త చదవాలి. గొంతు బాగాలేదని ఫాదర్‌గారికి చెప్పాను. అది రెండో అబద్ధం. మొదటిది చెప్పాక రెండోదానికి కష్టపడలేదు.

నువ్వు భయపడకు. ఇద్దరి మాటా ఒకటే అయింది. ఇక వాళ్ళకి చేతిలో ఏమీ లేదు.

విజయ్


తాటిపాక
నవంబరు 25

తమ్ముడూ,

నీ దగ్గర్నుంచి జవాబు లేదు. రాయకపోయినా న్యాయమే. అయినా ఇవాళ జరిగింది నీకు చెప్పాలి.

నేను చెప్పిన మాటలు కాగితం మీద పెట్టాం, వచ్చి సంతకం చెయ్యమని ఇన్‌స్పెక్టరుగారు కబురు పంపారు. మీ బావగారూ నేనూ ఆటోలో రాజోలు వెళ్ళాం. కాగితం చేతికిచ్చారు. తీరిగ్గా చదువుకోమన్నారు. నాలుగో తరగతి చదువు కదా, ఆ ఆఫీసు భాష కూడబలుక్కుంటూ చదివాను. మధ్యలో రాసి ఉంది, సోదరులు లేరు అని.

నోటితో అన్నప్పుడు అది గాలిలో పోయింది. ఇక్కడ నల్లటి అక్షరాల్లో ఉంది. నా పేరు దాని కింద పెట్టాలి. కలం పట్టుకున్నాను. క అని రాశాను. ఆ తర్వాత చెయ్యి కదలలేదు. నువ్వు చచ్చిపోయావని నా చేత్తో రాసినట్టనిపించింది.

"బాబూ, ఇందులో ఒక మాట తప్పు పడిందండీ," అన్నాను.

"ఏ మాటండీ?"

"నాకు తమ్ముడున్నాడండీ. ఆ ఫోటోలో ఆయనేనండీ. కొత్తపేటలో ఉంటాడు."

మీ బావగారు కుర్చీ అంచు పట్టుకున్నారు. ఇన్‌స్పెక్టరుగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "అమ్మా, నేను నిన్ననే కొత్తపేట వెళ్ళొచ్చేను. ఆయన తనకి అక్క లేదన్నారు," అన్నారు.

అప్పుడు తెలిసింది నాకు.

"మీ ఇద్దరిలో ఎవరి మాట రాయమంటారండీ?" అని అడిగారు.

"నాదే రాయండి బాబూ. పెద్దదాన్ని నేను," అన్నాను.

వేరే కాగితం తీసి రాశారు. సంతకం పెట్టాను. అమలాపురంలో కమిటీ ముందు విచారణ ఉంటుందట, పిలుస్తారట. వచ్చేటప్పుడు ఆటోలో మీ బావగారు, "మంచి పని చేసేవు. పిల్లకి ఏం చెబుదాం?" అన్నారు. ఇంటికొచ్చాక నేనే చెప్పాను. సౌజన్య మొహం పాలిపోయింది. కానీ ఆ పూట నా పక్కన కూర్చుని అన్నం తిన్నది.

నువ్వెందుకు అలా చెప్పావు తమ్ముడూ? నువ్వు స్వామివి కదా. నా పాపం నీకెందుకు?

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఎక్కువ భయంగా ఉంది. పిల్ల బతుకు నా చేత్తో నేనే తీసేశానేమో.

కృష్ణవేణి


కొత్తపేట
డిసెంబరు 5

అక్కా,

నీ ఉత్తరం అందగానే బిషప్‌గారి దగ్గరికి వెళ్ళాను. అంతా చెప్పాను. ఆయన చివరిదాకా విన్నారు. తర్వాత, "ముందు వెళ్ళి ఆ మాట సరిచేసుకుని రండి. మిమ్మల్ని తీసుకోవడమా, ముంబై తిప్పి పంపడమా అన్నది ఆ తర్వాత ఆలోచిస్తాను. అందాకా సువార్త చదవద్దు," అన్నారు.

ఆయన తప్పు పట్టడం న్యాయమే. ఇక్కడ వద్దంటే, అక్కడ ఇల్లు లేదు, ఉద్యోగం లేదు. రెండు మేత్రాసనాల మధ్య నిలబడిపోయాను. మెర్సీ సామాన్లలో సగం ఇంకా విప్పలేదు.

రాజోలు ఆఫీసుకి వెళ్ళడానికి వైనతేయ దాటవలసి వచ్చింది. దాటనన్న మాట తప్పాను. సత్యనారాయణమూర్తిగారు నన్ను చూసి, "అక్కగారు చెప్పేరండీ," అన్నారు. అంతే. నేను చెప్పింది రాసుకున్నారు. తల ఎత్తలేకపోయాను. మీ ఊరు అక్కడికి దగ్గరే. రాకుండా తిరిగి బస్సెక్కాను. విచారణ కాకుండా వస్తే పిల్లకి చేటేమోనని.

రోజూ సౌజన్య పేరు చెప్పుకుని మోకాళ్ళ మీద కూర్చుంటున్నాను. భయంలో ప్రార్థన కూడా సరిగ్గా రాదని ఇప్పుడే తెలిసింది.

విజయ్


తాటిపాక
జనవరి 28

తమ్ముడూ,

అమలాపురం విచారణ అయింది. వెంటనే రాయలేదు, ఉత్తర్వు చేతికొచ్చాక రాద్దామని.

పెద్ద గది. బల్లకి అవతల ముగ్గురు. మధ్యలో ఒకావిడ. సాయిదుర్గాప్రసాద్ కూడా వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, వాళ్ళమ్మని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆవిడా నేనూ ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోలేదు.

మీ బావగారి వైపు పెద్దల్ని పిలిచి అడిగారు. సౌజన్యని అడిగారు. దానికి జ్ఞానస్నానం లేదు, అది చర్చికి రాదు, ఉన్నది ఉన్నట్టే చెప్పింది. తర్వాత నన్ను అడిగారు.

"మీరు చర్చికి వెళ్తారాండీ?" అన్నది మధ్యలో కూర్చున్నావిడ.

నేను రాత్రింబగళ్ళు భయపడింది ఈ ప్రశ్నకే. లేదనడానికి నాలుక తిరిగింది కూడా. "మా అమ్మని తీసుకెళ్ళేదాన్నండీ. నేనూ కూర్చునేదాన్నండీ. అమ్మాయికీ దానికీ సంబంధం లేదండీ," అన్నాను. ఆవిడ రాసుకుంది.

"మీరూ మీ తమ్ముడూ ముందు ఎందుకు కాదన్నారు?"

"భయపడ్డామండీ. నేను నా కూతురి కోసం భయపడ్డానండీ, వాడు నా కోసం."

ఆవిడ కలం మూత పెట్టి, "మేనమామ ఏ మతమైతే మాకేమిటమ్మా? తండ్రి ఎవరు, పిల్ల ఎలా పెరిగింది, అవి చూస్తాం. ఇంత దాచవలసినదేమీ లేదిక్కడ," అంది.

నాకు సంతోషం రాలేదు తమ్ముడూ. ఎవరికీ అక్కర్లేని మాట కోసం నాకు తమ్ముడు లేడన్నాను. నీ చేత అనిపించాను. ముందే ఒక ప్లీడరుగారిని అడిగి ఉంటే సరిపోయేది. అడగడానికి కూడా భయపడ్డాం.

నిన్న ఉత్తర్వు వచ్చింది. సర్టిఫికెట్టు చెల్లుతుందని. సౌజన్య దాన్ని చదివి బడికి వెళ్ళిపోయింది, ఆలస్యమవుతోందని. సాయిదుర్గాప్రసాద్ హైకోర్టుకి వెళ్తానన్నాడట. వెళ్తాడేమో. అతనికీ వయసు దాటిపోతోంది.

నీ సంగతి రాయి. బిషప్‌గారు ఏమన్నారు? నా మూలంగా నిన్ను పంపేస్తారా?

కృష్ణవేణి


కొత్తపేట
ఫిబ్రవరి 11

అక్కా,

ఉత్తర్వు సంగతి చదివి మెర్సీ గట్టిగా ఏడ్చింది. చుట్టుపక్కలవాళ్ళు ఏమైందోనని పరుగెత్తుకొచ్చారు.

ఎవరికీ అక్కర్లేని మాట కోసం అని రాశావు. నా చేత నువ్వు అనిపించలేదు. నేను నీకోసమే చెప్పానని అనుకున్నాను గానీ, తర్వాత ఆలోచిస్తే అందులో నా భయమూ ఉంది. ఈ ఊళ్ళో అలజడి రేగితే బిషప్‌గారు నన్ను తీసుకోరేమోనని. కాబట్టి ఆ బరువంతా నువ్వే మొయ్యకు.

నిన్న ఆయన పిలిచారు. తీసుకుంటానని ఇంకా రాయలేదు. ఇంకో ఏడాది చూస్తానన్నారు. ఆదివారం నుంచి సువార్త చదవమన్నారు. తర్వాత, "తాటిపాక వైపు మంచాన పడ్డవాళ్ళు చాలామంది ఉన్నారట. ఫాదర్‌గారు ఒక్కరే తిరగలేకపోతున్నారు. అటు వెళ్తారా?" అని అడిగారు.

నేను నోరు తెరిచేలోగా ఆయనే, "మీరు చెప్పకండి. డీకన్ని చేసేముందు భార్యని అడుగుతాం. ఈసారి మీ అక్కగారిని అడిగి రండి. ఆవిడ వద్దంటే కొత్తపేటలోనే ఉండండి," అన్నారు.

అందుకని అడుగుతున్నాను. వద్దని రాసినా నేను ఏమీ అనుకోను. కోర్టు సంగతి తేలలేదు. పిల్ల ఉద్యోగం కొత్తది. నువ్వు కాదన్నా ఆ సంగతి బిషప్‌గారికీ నాకూ తప్ప తెలియదు.

విజయ్


తాటిపాక
మార్చి 3

తమ్ముడూ,

నీ ఉత్తరం రోజూ తీసి చదువుతున్నాను, మళ్ళీ పెట్టేస్తున్నాను. వద్దని ఒకసారి రాశాను, చింపాను. రమ్మని రాశాను, అదీ చింపాను.

సౌజన్యని అడిగాను. "నా పేరు చెప్పి ఆయన్ని వద్దనకమ్మా. ఒకసారి చెప్పేవు, చాలు," అంది. మీ బావగారు, "వాడుండేది ఎక్కడ, ఇల్లు చూడాలి కదా," అన్నారు. వాళ్ళిద్దరూ తేల్చేశారు. నేనే మిగిలాను.

కోర్టు నుంచి కాగితం వస్తుందేమోనని రోజూ చూస్తున్నాను. నువ్వు ఈ వీధిలో తెల్ల అంగీతో నడిచి వెళ్తుంటే జనం ఏమంటారో, ఎవడు ఏం తీసి ఎక్కడ పంపుతాడో, అవన్నీ నాకిప్పుడే కళ్ళకి కడుతున్నాయి. ధైర్యం వచ్చిందని నీకు అబద్ధం రాయను.

నా భయం పోయాక నిన్ను పిలుద్దామని ఇన్నాళ్ళూ ఆగాను. అది పోయేది కాదని ఈ ఉదయం తెలిసింది. అందుకని అది ఉండగానే రాస్తున్నాను. నాకు సమ్మతమేనని బిషప్‌గారికి చెప్పు.

రా.

మీ అక్క
కృష్ణవేణి